ఓపెన్ సోర్స్‌కు కొత్తగా వచ్చే పిల్లలకు ఈ దారి చెప్పండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ పత్రిక చదువుల పేజీలో ఓపెన్ సోర్స్ గురించి, అంటే ఎవరైనా చదివి మార్చుకోగలిగేలా కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ గురించి, వచ్చిన వ్యాసం చదివాను. ఈ విషయానికి ఒక తెలుగు పత్రిక అంత చోటు ఇచ్చినందుకు ముందుగా నా సంతోషం తెలియజేస్తున్నాను. కానీ కొత్తవాళ్లకు అందులో చూపించిన దారి సరైనది కాదు. అలాంటి ప్రాజెక్టుల కోడ్ ఉంచే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరవండి, బాగా పేరున్న ప్రాజెక్టు ఒకటి ఎంచుకోండి, ఎక్కడైనా అక్షరదోషం కనిపిస్తే దిద్ది పుల్ రిక్వెస్ట్ పంపండి, పనిచేసిన రోజుకో పచ్చ గడి చొప్పున వారంలో మీ ప్రొఫైల్ పచ్చగా నిండుతుంది, ఉద్యోగాలిచ్చేవాళ్లు అదే చూస్తారు అని రాశారు. ఇక్కడ రామమూర్తి నగర్‌లో, మారతహళ్లిలో పీజీల్లో ఉండే మన పిల్లలు ఆ పేజీని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పంచుకుంటున్నారు. అందుకే పొడుగైనా ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాది మదనపల్లె. బెంగళూరులో ఒక కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. సాయంత్రాలూ సెలవు రోజులూ కుదిరినప్పుడు, భారతీయ భాషల అక్షరాలతో పనిచేసే ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీని (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్‌ను) చూసుకునే కొద్దిమందిలో నేనూ ఒకదాన్ని. దానికి జీతం లేదు. ఇష్టంతో చేస్తున్నాం. కొత్తవాళ్లు పంపినవి చదివి జవాబివ్వడం ఎక్కువగా నా వంతుకే వస్తుంది. మీ వ్యాసంలోని సలహాను పాటిస్తే అవతల ఏం జరుగుతుందో రోజూ చూసే మనిషిగా చెబుతున్నాను.

పుల్ రిక్వెస్ట్ అంటే, 'మీ ప్రోగ్రాములో నేను ఈ మార్పు చేశాను, చూసి కలుపుకోండి' అని పంపే వినతి. పంపడానికి రెండు నిమిషాలు చాలు. అందుకున్నవాళ్లు మాత్రం దాన్ని తెరిచి, మార్చిన ప్రతి వరుసా చదివి, దానివల్ల ఇంకెక్కడైనా చెడిపోతుందేమో పరీక్షించి, ఒప్పుకోకపోతే ఎందుకో మర్యాదగా రాయాలి. ఆ పని చేసేవాళ్లను మెయింటెయినర్లు అంటారు. వాళ్లలో చాలామంది పగలు ఉద్యోగం చేసుకుని, ఇంట్లో పిల్లలు పడుకున్నాక ఈ పనికి కూర్చునేవాళ్లే.

ఓపెన్ సోర్స్‌లో పాల్గొనమని ఏటా అక్టోబరులో ప్రోత్సహించే హ్యాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమానికి 2020లో ఇదే సలహా విని జనం పోటెత్తారు. నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇస్తారని, అర్థంలేని మార్పులు కుప్పలుగా పంపారు. నెల మొదట్లోనే నిర్వాహకులు నియమం మార్చి, ముందుగా సరేనన్న ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి వస్తాయని ప్రకటించాల్సి వచ్చింది. 2024లో, వెబ్‌సైట్లు తయారుచేయడానికి వాడే ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టుకు ఇంకో రకం వరద వచ్చింది. ఒక వీడియో పాఠంలో చూపించినట్టే చేసి, రీడ్‌మీ ఫైలులో (ప్రాజెక్టును పరిచయం చేసే ఫైలు) తమ పేరు చేర్చమంటూ విద్యార్థులు పుల్ రిక్వెస్టులు పంపారు. వాటిలో ఎక్కువ మన దేశం నుంచి వెళ్లినవే. ఆ పిల్లలను నేను తప్పుపట్టను. పాఠంలో అలా చెప్పారు, వాళ్లు అలా చేశారు. కానీ వాటిని ఒక్కొక్కటిగా మూసింది ఎవరో మనుషులే. ఆ తర్వాత నిజంగా పని చేద్దామని మన దగ్గర నుంచి వెళ్లే కుర్రాడి పేరు చూడగానే వాళ్లకు ఏం అనిపిస్తుందో మీరే ఊహించండి.

మెయింటెయినర్లు కొత్తవాళ్లను అంత త్వరగా నమ్మకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే యంత్రాల్లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే పనిముట్టు ఉంది. దాన్ని ఏళ్లపాటు దాదాపు ఒక్క మనిషే చూసుకునేవాడు. ఎవరో ఒక కొత్త పేరుతో వచ్చి, రెండేళ్లకు పైగా మంచి మార్పులు పంపి, అలిసిపోయిన ఆ మనిషి నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ కావడానికి సుమారు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వి చూడబట్టి బయటపడింది. లేకపోతే ప్రపంచంలో ఎన్నో సర్వర్లలోకి అది చేరిపోయేది. ఈ సంగతి తెలిస్తే, 'ఈ మార్పు ఎందుకు చేశారు?' అని అవతలివాళ్లు గుచ్చి గుచ్చి అడిగినప్పుడు పిల్లలు నొచ్చుకోరు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? నేను చెప్పే మాట ఒకటే. మీరు వాడుతున్న దానితో మొదలుపెట్టండి. మీకు తెలిసిన విషయం, ఆ ప్రాజెక్టు నడిపేవాళ్లకు తెలియని విషయం ఏదో దాన్ని పట్టుకోండి. మన పిల్లలకు అలాంటిది ఒకటి పుట్టుకతోనే ఉంది. అది తెలుగు.

కదిరి నుంచి వచ్చి ఇక్కడ పీజీలో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్న ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఆమె తన ఫోనులో ఓపెన్ సోర్స్ యాప్‌లు దొరికే ఎఫ్-డ్రాయిడ్ నుంచి దించుకున్న ఒక కాంటాక్ట్స్ యాప్ వాడేది. పేర్లన్నీ తెలుగులో పెట్టుకుంది. ఫోటో లేని పేరు పక్కన ఆ యాప్ గుండ్రటి బొమ్మలో మొదటి అక్షరం చూపిస్తుంది. శ్రీనివాస్ అన్న పేరుకు 'శ' అని చూపించింది. కృష్ణవేణికి 'క', స్వాతికి 'స'. తెలుగు చదివే ఎవరికైనా అది తప్పని తెలుస్తుంది. శ్రీనివాస్‌లో మొదటి అక్షరం 'శ్రీ', 'శ' కాదు. ఆదివారం మా ఇంటికి వచ్చినప్పుడు, "అక్కా, ఇది ఎవరికి చెప్పాలి?" అని అడిగింది. "చెప్పడం కాదమ్మా, నువ్వే చూడు" అన్నాను.

కంప్యూటర్‌కు 'శ్రీ' అనేది ఒక అక్షరం కాదు. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలు నిర్ణయించే యూనికోడ్ అనే ప్రమాణంలో అది నాలుగు సంకేతాలు: శ, హల్లుకు పెట్టే పొల్లు, ర, ఆపైన దీర్ఘ ఈకారం గుర్తు. ఇంగ్లీషు పేర్లను మనసులో పెట్టుకుని రాసిన ప్రోగ్రాము మొదటి సంకేతాన్ని తీసుకుని ఆగిపోయింది. ఆ యాప్ రాసినవాళ్లకు తెలుగు రాదు, కాబట్టి వాళ్ల కంటికి అది ఎప్పుడూ పడలేదు. పడే అవకాశమే లేదు.

ఆ అమ్మాయి ముందు పాత ఇష్యూలన్నీ వెతికింది. ఇష్యూ అంటే లోపాల గురించి రాసిపెట్టే చీటీ. తెలుగు గురించి ఎవరూ రాయలేదు గానీ, పేరు ఎమోజీతో మొదలైతే గుండ్రటి బొమ్మలో ఖాళీ డబ్బా వస్తోందని ఎవరో ఎప్పుడో రాసి ఉన్నారు. రెండింటికీ మూలం ఒకటే. ఆ సంగతి పట్టుకోవడమే ఆమె చేసిన మొదటి మంచి పని అని నేను అంటాను. కొత్త ఇష్యూ తెరవకుండా అదే చోట, తన ఫోను మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, యాప్ వెర్షన్, స్క్రీన్‌షాట్, ఏ పేరుకు ఏం రావాలి, ఏం వస్తోంది అని రాసింది. ఇంగ్లీషులో పొట్టి పొట్టి వాక్యాలు. అంతకుమించి అక్కర్లేదు.

ఆ తర్వాత అసలు కష్టం మొదలైంది. యాప్‌ను తన లాప్‌టాప్‌లో బిల్డ్ చేసుకోవాలి, అంటే కోడ్ నుంచి నడిచే యాప్‌ను తయారుచేసుకోవాలి. ఈ ఘట్టం గురించి మీ వ్యాసంలో ఒక్క మాట కూడా లేదు. కొత్తవాళ్లు ఎక్కువమంది మానేసేది ఇక్కడే. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే ఇంకేమీ కదలదు. పీజీలో వైఫై రాత్రి అందరూ పడుకున్నాకే సరిగ్గా అందుతుంది. బిల్డ్ చేసే పనిముట్టు గ్రాడిల్ దించుకోవాల్సినవి దించుకుంటూనే ఉంటుంది. అన్నీ అయ్యాక ఎర్రగా ఎర్రర్ వస్తుంది. ప్రాజెక్టు సూచనల్లో బిల్డ్‌కు జావా అనే సాఫ్ట్‌వేర్ 11వ వెర్షన్ చాలని ఉంది, కానీ అది కొత్త ఆండ్రాయిడ్ పనిముట్లకు మారాక జావా 17 కావాలి. సూచనలు ఎవరూ మార్చలేదు. ఆ కారణం కనిపెట్టడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది. టెన్షన్ పడి ఒకట్రెండుసార్లు ఏడ్చింది కూడా.

సంపాదక మహాశయా, ఆమె మొట్టమొదటి పుల్ రిక్వెస్ట్ ఆ సూచనల్లో 11ను 17గా మార్చడమే. ఒకే ఒక్క వరుస. అది కూడా రీడ్‌మీ ఫైలులోనే. ఎక్స్‌ప్రెస్‌కు వరదలా వచ్చినవీ రీడ్‌మీ మార్పులే. కానీ ఆమె మార్పు వెనక తాను అనుభవించిన ఇబ్బంది ఉంది, తన తర్వాత వచ్చేవాడికి ఆ ఇబ్బంది తప్పుతుంది. మెయింటెయినర్ అదే రోజు కలుపుకుని థాంక్స్ చెప్పాడు. చిన్న మార్పు పంపకూడదని నేను అనడం లేదు. అవసరం నుంచి పుట్టిన చిన్న మార్పు ఎవరికైనా సంతోషమే.

అక్షరం లోపానికి మందు కూడా ఆమే కనుక్కుంది. చదివేవాడి కంటికి ఒక అక్షరంగా కనిపించే సంకేతాల గుంపును ఎక్కడ విడదీయాలో యూనికోడ్ నియమాలు చెబుతాయి. ఆ పని చేసే భాగం ఆండ్రాయిడ్‌లోనే ఉంది. దాన్ని వాడి పంపింది. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. తెలుగు ఒత్తులను విడదీయకుండా ఒకే గుంపుగా ఉంచాలనే నియమం యూనికోడ్ 15.1లో, అంటే 2023లోగానీ రాలేదు. అంతకుముందు ఫోన్లలో 'శ్రీ' రెండు ముక్కలై మొదటి ముక్క 'శ్' అని వస్తుంది. మరి పాత ఫోన్ల సంగతేమిటని, మార్పును పరిశీలించే రివ్యూలో అడిగారు. పొల్లు తర్వాత హల్లు ఉంటే కలిపేయమని ఆమె రాసింది. అప్పుడు ఇంకో దేశం నుంచి ఒకాయన, అన్ని భారతీయ భాషలకూ ఇది సరిపోతుందా అని అడిగాడు.

దానికి జవాబు ఆ పీజీలోనే దొరికింది. ఆమె గదిలో సేలం అమ్మాయి ఉంది, పక్క గదిలో హుబ్లీ అమ్మాయి ఉంది. కన్నడంలో మనలాగే ఒత్తు కిందికి వస్తుంది కాబట్టి కలపాల్సిందే. తమిళంలో పొల్లు పెట్టిన అక్షరాన్ని మామూలుగా విడిగానే రాస్తారు, అన్నిచోట్లా కలిపితే తప్పు. ముగ్గురూ కూర్చుని పేర్ల పట్టీ రాశారు. శ్రీను, కృష్ణ, స్వాతి, జ్ఞానేశ్వరి, క్షమ మొదలుకొని, కన్నడ పేర్లు, తమిళ పేర్లు, వాటి పక్కన రావాల్సిన మొదటి అక్షరం. ఆ పట్టీయే టెస్టులుగా మారి ప్రాజెక్టులోకి వెళ్లింది. రేపు ఎవరైనా ఆ కోడ్ ముట్టుకుని చెడగొడితే ఆ టెస్టులు పట్టేస్తాయి. టెస్టింగ్‌లో ఇన్నేళ్లు ఉన్నదాన్ని, నాకు కోడ్ కంటే ఆ పట్టీయే గొప్పగా అనిపించింది. కొన్ని వారాలు అటూ ఇటూ మాటలు నడిచాక అది మెర్జ్ అయింది, అంటే ప్రాజెక్టులో కలిసింది.

ఇలాంటి పని మన పిల్లల కోసం ఎంత మిగిలి ఉందో చూడండి. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు 'ట్' కింద వ ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతం పెడతాం. ఒకరు అది పెట్టి రాస్తారు, ఇంకొకరు పెట్టకుండా రాస్తారు. వెతికే ప్రోగ్రాముకు ఈ సంగతి తెలియకపోతే ఒకదాన్ని వెతికితే రెండోది దొరకదు. కొన్ని నోట్సు యాప్‌లలో తెలుగు శీర్షికను మధ్యలో తెంపి ఒత్తు లేకుండా చూపిస్తారు. ఉత్తరాలూ లెక్కలూ రాసుకునే ఓపెన్ సోర్స్ ప్యాకేజీ లిబ్రెఆఫీసులో తెలుగు అక్షరదోషాలు పట్టే నిఘంటువు ఉంది, అందులో చేర్చాల్సిన మాటలు ఎన్నో. ఎవరైనా దిద్దగల ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ ఊరు ఉంటుంది గానీ, తెలుగు పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే చేర్చడానికి కోడ్ రాయడం కూడా రానక్కర్లేదు. ఫిన్లాండ్‌లోనో జర్మనీలోనో కూర్చున్న మెయింటెయినర్ ఎంత తెలివైనవాడైనా ఇవి చేయలేడు. మన కడప కుర్రాడు, మన శ్రీకాకుళం అమ్మాయి చేయగలరు.

ప్రాజెక్టు ఎంచుకోవడం గురించి కూడా మీ వ్యాసం పేరున్నవాటినే చెప్పింది. 1991లో విద్యార్థిగా ఉన్నప్పుడు లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) అంటే అందరికీ గౌరవమే. కానీ అంత పెద్ద వాటిని, బ్రౌజర్ల వంటి వాటిని మామూలు లాప్‌టాప్‌లో బిల్డ్ చేయడమే ఒక యజ్ఞం. ఒక పూట కూర్చుంటే బిల్డ్ అయ్యేది, ఈ మధ్య కూడా మార్పులు కలుస్తున్నది, పాత ఇష్యూలకు ఎవరో ఒకరు మర్యాదగా జవాబిస్తున్నది చూసుకోవాలి. మార్పులు ఎలా పంపాలో చెప్పే కంట్రిబ్యూటింగ్ అనే ఫైలు ఉంటే మొదట అది పూర్తిగా చదవాలి. లైసెన్స్ ఏమిటో చూడాలి. 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అన్న లేబుల్ ఉన్నవి కొత్తవాళ్ల కోసమే పెడతారు, అయితే వాటికి పోటీ ఎక్కువ. నా అనుభవంలో అంతకంటే మంచి చోటు ఒకటుంది. ఎవరో లోపం ఉందని రాసి, దాన్ని ఎవరూ నిర్ధారించని ఇష్యూలు ప్రతి ప్రాజెక్టులోనూ ఉంటాయి. వాటిలో ఒకటి తీసుకుని, మీ యంత్రంలో ఆ లోపం వస్తోందో లేదో చూసి, ఎలా వచ్చిందో అడుగు అడుగునా రాయండి. రాకపోయినా రాలేదని రాయండి. మాకు అదెంత మేలో చెప్పలేను.

కోడ్ కన్నా మన పిల్లలను ఆపేది ఇంగ్లీషు భయం. జిల్లా కాలేజీల నుంచి వచ్చిన పిల్లలు తప్పులు దొర్లుతాయని రాయడమే మానేస్తారు. ఈ ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లలో చాలామందికి ఇంగ్లీషు సొంత భాష కాదు. జపాన్‌వాళ్లు, బ్రెజిల్‌వాళ్లు, పోలండ్‌వాళ్లు వచ్చిన ఇంగ్లీషులోనే రాస్తారు. 'ఇలా చేశాను, ఇలా రావాలి, ఇలా వచ్చింది' అనే మూడు మాటలు స్పష్టంగా ఉంటే వ్యాకరణం ఎవరూ చూడరు. సర్, మేడమ్ అని రాయనక్కర్లేదు. 'ఈ పని నాకు కేటాయించండి' అని అడిగి కూర్చోవడం కన్నా, 'నేను ఇంతవరకు చూశాను, ఇక్కడ ఆగిపోయాను' అని రాస్తే వెంటనే జవాబొస్తుంది.

భయంతో కొందరు మొత్తం ఏఐ చేతనే రాయించి పంపుతున్నారు. చూడ్డానికి నున్నగా ఉంటుంది. ఒక ప్రశ్న అడిగితే మళ్లీ ఇంకో నున్నటి పేరా వస్తుంది గానీ జవాబు ఉండదు. ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చే కర్ల్ అనే ప్రాజెక్టును మొదలుపెట్టిన స్వీడన్ ఇంజనీరు డేనియల్ స్టెన్‌బర్గ్, ఏఐ రాసిన ఉత్తుత్తి లోపాల నివేదికలు తమ సమయాన్ని ఎలా తినేస్తున్నాయో పలుసార్లు బహిరంగంగానే చెప్పారు. ఏఐని అడిగి నేర్చుకోండి, తప్పు లేదు. పంపేదాంట్లో ప్రతి వరుసా మీకు అర్థమై ఉండాలి. అర్థం కానిది పంపొద్దు.

ఇంకో బాధ చెప్పాలి. ఇక్కడి కోచింగ్ సెంటర్లు కొన్ని ఇప్పుడు ఓపెన్ సోర్స్ ప్యాకేజీ అని అమ్ముతున్నాయి. డబ్బు కడితే ఇన్ని పుల్ రిక్వెస్టులు మెర్జ్ చేయిస్తామంటారు. తమ సొంత ఖాళీ ప్రాజెక్టుల్లోనే మెర్జ్ చేస్తారు. ఊళ్లో నాన్న అప్పు చేసి పంపిన డబ్బుతో ఒక కుర్రాడు అలాంటిది కట్టి వచ్చాడు. ఇంటర్వ్యూలో 'ఈ మార్పు ఎందుకు చేశావు?' అంటే చెప్పలేకపోయాడు. తెలుగు పత్రికలు ఈ ప్యాకేజీల గురించి తల్లిదండ్రులను హెచ్చరించాలి. ఓపెన్ సోర్స్‌లో చేరడానికి ఎవరికీ ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. పైపెచ్చు డబ్బులిచ్చి నేర్పేవే ఉన్నాయి. కొత్తవాళ్లకు డబ్బిచ్చి ఓపెన్ సోర్స్ పని చేయించడానికి గూగుల్ 2005లో మొదలుపెట్టిన సమ్మర్ ఆఫ్ కోడ్‌లో 2022 నుంచి విద్యార్థులు కానివాళ్లకూ చోటు ఉంది. అవకాశాలు తక్కువగా అందుతున్నవాళ్ల కోసం అవుట్‌రీచీ అనే ఇంటర్న్‌షిప్ ఉంది. రెండింటిలోనూ ఎంపికకు ముందే ఆ ప్రాజెక్టులో చిన్న చిన్న పనులు చేసి ఉన్నవాళ్లకే అవకాశం ఎక్కువ. బెంగళూరులో ఓపెన్ సోర్స్ వాళ్ల బృందం ఫాస్ యునైటెడ్ సమావేశాలకు ఎవరైనా వెళ్లవచ్చు, హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ ఏళ్లుగా తెలుగు కోసం పనిచేస్తోంది. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు మాత్రం ఒక మాట. బయట కోడ్ రాసే ముందు మీ కంపెనీ ఒప్పందంలో దాని గురించి ఏముందో చదివి, అవసరమైతే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

పంపాక ఎదురుచూడటం గురించీ చెప్పాలి. వారం, రెండు వారాలు జవాబు రాకపోవడం మామూలే. ఆ తర్వాత ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయవచ్చు. రోజూ అడగకూడదు. ఒప్పుకోకుండా మూసేస్తే, కారణం చదవండి. మార్పు బాగున్నా ప్రాజెక్టు వెళ్లే దారికి అది పనికిరాకపోవచ్చు. అది మీ మీద తీర్పు కాదు.

సంపాదకుల వారికి నా మనవి ఇదీ. అదే చదువుల పేజీలో, అంతే చోటులో, ఇంకో వ్యాసం వేయండి. వారంలో ప్రొఫైల్ పచ్చబడుతుందనే మాట వెనక్కి తీసుకోండి. బిల్డ్ చేయడం, పాత ఇష్యూలు వెతకడం, లోపాన్ని నిర్ధారించి రాయడం, రివ్యూలో జవాబివ్వడం, వీటిని తెలుగులో స్క్రీన్ బొమ్మలతో వరుసగా చూపించండి. హ్యాక్టోబర్‌ఫెస్ట్ అక్టోబరులో వస్తుంది, సెప్టెంబరులోనే వేస్తే ఎక్కువమందికి ఉపయోగం. రాయడానికి మీకు మనిషి కావాలంటే నేను రాసిస్తాను, పారితోషికం అక్కర్లేదు. కదిరి అమ్మాయి కూడా తన ఇష్యూ, తన పేర్ల పట్టీ ఉదాహరణగా వాడుకోవడానికి ఒప్పుకుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రామమూర్తి నగర్, బెంగళూరు